తప్పు చెప్పినోడికి చాయ్

హఫీజ్‌పేట్ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో సాయంత్రం రైలు దిగినవాళ్లలో చాలామంది ఇంటికి పోయే ముందు ఒకచోట ఆగుతారు. అదే కర్రీ పాయింట్. కుక్కర్‌లో అన్నం పడేసే ఓపిక ఇంకా మిగిలే ఉంటుంది, కూర చేసుకునే ఓపికే ఉండదు. హాస్టల్ పిల్లలు, కొత్తగా కాపురం పెట్టినవాళ్లు, భార్య పుట్టింటికి వెళ్లిన మగవాళ్లు, అందరూ ఆ స్టీలు గిన్నెల ముందు నిలబడి వేలు చూపిస్తారు: పప్పు ఒకటి, వేపుడు ఒకటి, సాంబారు ఒకటి. కుర్రాడు గరిటెతో కవర్లో పోసి, లోపల కాస్త గాలి నిలిచి ఉబ్బేలా మూతి పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి, రబ్బరు బ్యాండు వేసి చేతిలో పెడతాడు. ఆ తిప్పు నేను ఇంట్లో చాలాసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ పప్పు నా చొక్కా మీదే.

ఈ కథ అలాంటి రెండు దుకాణాలది. కల్పించిన కథే. మనుషులకు పేర్లు పెట్టలేదు. పెడితే ఫ్లైఓవర్‌కు ఇవతల ఒకరు, అవతల ఒకరు తమ కథే అనుకునే ప్రమాదం ఉంది.

ఒక బావ, ఒక బామ్మర్ది. ఇద్దరూ జహీరాబాద్ వైపు ఊరి నుంచి వచ్చినవాళ్లు. బావకు పిల్లనిచ్చిన అత్తమ్మ, అంటే బామ్మర్దిని కన్నతల్లి, ఊళ్లో ఉన్న ఎకరం చెలక అమ్మి ఇద్దరికీ చెరి సగం ఇచ్చింది. ‘కొడుకని ఎక్కువ లేదు, అల్లుడని తక్కువ లేదు’ అంది. ఆ డబ్బుతో రైలు పట్టాలకు ఇటు ఒకరు, అటు ఒకరు దుకాణం పెట్టారు. గిన్నెలు ఒకేచోట కొన్నారు. పొయ్యిలు ఒకే మేస్త్రీ దగ్గర చేయించారు. గ్యాస్ పైపు కూడా ఒకే చుట్ట కొని, బేరం కలిసొస్తుందని, సగానికి కోసి పంచుకున్నారు. ఈ పైపు సంగతి గుర్తుంచుకోండి.

మొదటి ఎండాకాలమే దెబ్బ కొట్టింది. మే నెలలో ఒక వారం తేడాతో ఇద్దరి దగ్గరా సాంబారు పులిసిపోయింది. బావ దగ్గర రాత్రి తొమ్మిదికి కవర్లు వెనక్కి రావడం మొదలైంది. ఒకాయన మాట్లాడకుండా కవరు కౌంటర్ మీద పెట్టి, మూతి విప్పి, ‘వాసన చూడు’ అన్నాడు. బామ్మర్ది దగ్గర ఇంకా ఘోరం. ఒక లేడీస్ హాస్టల్ వాళ్లు అరవై మందికి ఆర్డర్ ఇచ్చారు. గిన్నె మూత తీసేసరికి పైన సన్నటి నురగ, అడుగు నుంచి బుడబుడమని చిన్న చిన్న బుడగలు. ఆర్డర్ పోయింది, హాస్టలూ పోయింది.

బావ మరునాడే పెయింటర్‌ని పిలిపించి రేకు బోర్డు రాయించాడు. వంటగదిలో, పొయ్యికి ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు. గ్లాసు పగిలితే 50. పార్సిల్ మారితే కూర ధర. కూర మాడితే సగం రోజు కూలి. కస్టమర్ తిరిగొస్తే 200. ‘భయం ఉంటేనే పని’ అని ఆయన నమ్మకం. చాలామంది నమ్మకం అదే. నా మొదటి ఉద్యోగంలో మేనేజర్ నమ్మకం కూడా.

బామ్మర్దీ ఏమంత జ్ఞాని కాదు. ఆ రాత్రి సాంబారు కాచిన కుర్రాడి మీద అరిచాడు, కూలి కోస్తానన్నాడు. కానీ దుకాణం కడిగే వేళకు ఆ కుర్రాడు నేల తుడుస్తూ గొణుక్కున్న మాట ఒకటి ఆయన చెవిన పడింది.

‘ఏమంటున్నవ్‌రా?’

‘ఏం లేదన్నా.’

‘చెప్పు.’

‘నాలుగింటికే తెలిసిందన్నా. గరిటె పెట్టంగనే నురగ లేచింది.’

‘మరప్పుడే చెప్పలేదేందిరా? ఇంకో సాంబారు కాస్తుంటిమి గదా!’

కుర్రాడు చీపురు ఆపి నిజం చెప్పాడు. ‘చెప్తే కోస్తరు. చెప్పకుంటే ఎవరు చేసిండ్రో ఎవరికెరుక?’

బామ్మర్ది షట్టర్ సగం దించి మెట్టు మీద కూర్చున్నాడు. అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ఆమె తన మేకల రోజులు తలచుకుంది. ‘కొట్టిన పోరనికి మేక పోతే, ఊరంతకు తెలిసినంకనే మనకు తెలుస్తది కొడకా’ అని ఫోన్ పెట్టేసింది.

మరునాడు బామ్మర్ది పిల్లలు రాసుకునే పలక ఒకటి కొనుక్కొచ్చి కౌంటర్ కింద పెట్టాడు. నియమం ఒక్కటే. ఏది పోయినా, చెడినా, పోబోయి ఆగినా, పలక మీద గీత పెట్టాలి, పక్కన ఒక ముక్క రాయాలి. కస్టమర్ కంటే ముందు చెప్పినవాడికి మూల మీద బండి నుంచి ఒక చాయ్. కూలి కోత లేదు.

మొదటి వారం ఎవరూ గీత పెట్టలేదు. ఉచ్చు అనుకున్నారు. అప్పుడు బామ్మర్దే తన తప్పు ఒకటి రాశాడు: ‘చిల్లర 100 ఎక్కువ ఇచ్చిన.’ వెళ్లి చాయ్ కూడా తాగాడు. మరునాడు రెండు గీతలు పడ్డాయి. నెల తిరిగేసరికి నలభై.

గీతలు పెరిగాక అవి మాట్లాడటం మొదలుపెట్టాయి. మాడిన కూరల గీతలు పన్నెండు ఉంటే, పదకొండు ఎడమ పొయ్యివే. వంటవాడు మారినా మాడటం ఆగలేదు. మేస్త్రీ వచ్చి చూసి, బర్నర్ కన్నం అరిగి మంట ఎక్కువ వస్తోందని చెప్పి మార్చాడు. పార్సిళ్లు తారుమారైనవన్నీ రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర మధ్యే. దోసకాయ పప్పు, మామిడికాయ పప్పు పక్కపక్కన పెడుతున్నారు, ఆవిరి పట్టిన కవర్లో రెండూ ఒకటే రంగు. మధ్యలో బెండకాయ వేపుడు గిన్నె పెట్టారు. ఆ గొడవ అంతటితో తీరింది.

సాంబారు సంగతి తేలడానికి మాత్రం నెలన్నర పట్టింది. కాచినతను వంక పెట్టలేనంత బాగా కాచాడు. తర్వాత జరిగిందే తప్పు. పెద్ద గంగాళం నిండా సాంబారు, పొగలు కక్కుతుండగానే మూత. పైన చల్లారినట్టు కనిపిస్తుంది, నడిమధ్యలో మాత్రం గంటల తరబడి గోరువెచ్చన. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలుగా మళ్లీ అందులోకే. వండినా చావని బీజాలు కొన్ని సూక్ష్మజీవులకు ఉంటాయి; అన్నాన్ని పాడుచేసే బాసిల్లస్ సీరియస్ అలాంటిదే. మరిగేటప్పుడు ఓపిక పట్టి, వేడి తగ్గగానే లేస్తాయి. వంటశాలల్లో పనిచేసేవాళ్లకు నేర్పే లెక్క కూడా అదే: ఉంచితే 60 డిగ్రీల పైన వేడిగా ఉంచు, లేదంటే త్వరగా చల్లార్చి 5 డిగ్రీల కింద పెట్టు, నడుమ వదలకు. బామ్మర్దికి డిగ్రీలు తెలియవు. నాలుగు వెడల్పాటి టబ్బుల్లోకి పలచగా పోసి, ఫ్యాను కింద పెట్టి, ఆవిరి పోయాకే మూత పెట్టించాడు. తర్వాతి ఎండాకాలంలో సాంబారు గీత ఒక్కటీ పడలేదు.

అవతల బావ దగ్గర బోర్డు ఇంకా బాగా పనిచేసింది. మొదటి నెల కోతలు ఆరు. రెండో నెల రెండు. ఆ తర్వాత సున్నా. ఆయన నిజంగానే సంబరపడ్డాడు. దసరాకు అందరూ ఊళ్లో కలిసినప్పుడు, జమ్మి ఇచ్చిపుచ్చుకున్నాక, అరుగు మీద కూర్చుని బామ్మర్దిని ఆటపట్టించాడు.

‘ఏం బామ్మర్దీ, నెలకు నలభై తప్పులంట గదా! పైగా చాయ్‌లు తాపుతున్నవంట. నా దగ్గర మూడు నెలల సంది ఒక్కటి లేదు.’

బామ్మర్ది నవ్వి ఊరుకున్నాడు. ఏమంటాడు? లెక్క బావ వైపే ఉంది.

దసరా వెళ్లాక అత్తమ్మ పట్నం వచ్చింది. కూతురింట్లో నాలుగు రోజులు, కొడుకింట్లో నాలుగు రోజులు. ఇంట్లో కాలు నిలవక దుకాణాల్లో ఓ మూల స్టూలు వేసుకుని కూర్చునేది, ఉల్లిపాయలు ఒలిచేది. అల్లుడి వంటగదిలో ఆమె ఒక సంగతి చూసింది. దొండకాయ వేపుడు అడుగంటింది. వంటవాడు అటూ ఇటూ చూసి, మాడిన ముక్కలన్నీ ఒక కవర్లోకి గీకి, క్యాబేజీ తొక్కల కింద దూర్చాడు. ఇంకొకడు ఏమీ అడగకుండానే మార్కెట్‌కు పరుగెత్తి సొంత డబ్బుతో రెండు కిలోల దొండకాయలు తెచ్చాడు. అందరూ కలిసి తరిగారు. అరగంటలో కొత్త వేపుడు తయారు. ఎంత చక్కటి ఐకమత్యం! ఓనర్‌కు తెలియకుండా ఉండటానికి.

రాత్రి ఆమె అల్లుడికి చెప్పబోయింది. ‘పోరగాళ్లు నీకు ఏం జెప్తలేరు బిడ్డా.’

‘చెప్పనీకి ఏముంది అత్తమ్మా? అంతా మంచిగనే నడుస్తుంది.’

ఆమె మళ్లీ అనలేదు. అల్లుడికి ఒక్కసారే చెప్పాలి, రెండోసారి చెబితే అది దెప్పినట్టు అవుతుంది. ఆ ఇంటి మర్యాద అలాంటిది.

సంక్రాంతి వచ్చింది. ఆ వారం హాస్టళ్లు ఖాళీ, సగం కాలనీలు ఆంధ్రా బస్సులెక్కుతాయి, హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్ మీద కూడా బండ్లు పలచగా ఉంటాయి. బేరం లేదు కాబట్టి బావ దుకాణంలో ఆ పొద్దున ఇద్దరే ఉన్నారు. తెల్లవారుజామున ఒక కుర్రాడు పెద్ద పొయ్యి వెలిగించాడు. మంట పొయ్యి మీద లేవలేదు. నేల మీద పరుచుకుని, గట్టు కిందకు పాకి, సిలిండర్ మూలన భగ్గుమంది.

వంటగ్యాస్ గాలికంటే బరువు. కారితే పైకి పోదు, నీళ్లలా నేల మీద, గుంటల్లో, గట్టు కింద చేరుతుంది. రాత్రంతా చేరింది. చాయ్ బండి ఆయన పరుగెత్తుకొచ్చి తడి గోనెసంచి కప్పి వాల్వు కట్టేశాడు కాబట్టి సిలిండర్ నిలిచింది. ఫ్రిజ్ పోయింది. రేకుల కింద సీలింగ్ పోయింది, సరుకు పోయింది. కుర్రాడికి మోచేతి దాకా చర్మం కాలింది. ప్రాణాలు మాత్రం ఎవరివీ పోలేదు.

ఆసుపత్రి వరండాలో, చేతికి కట్టుతో కూర్చున్న ఆ కుర్రాడిని బావ అడిగాడు. కోపంగా కాదు, పాపం, ఏడుపు గొంతుతోనే.

‘ముందుగాల వాసన రాలేదారా?’

‘వచ్చిందన్నా.’

‘ఎప్పుడు?’

‘నాలుగు దినాలాయె.’

‘నాలుగు దినాల నుంచి వాసనొస్తుంటే నాకెందుకు చెప్పలేరా?’

కుర్రాడు నేల చూశాడు. ‘పోయినసారి లైటర్ పనిచేస్తలేదని చెప్తే, నువ్వే పగలగొట్టినవని రెండొందలు కోసిండ్రు గదన్నా.’

గ్యాస్‌కు నిజానికి వాసన ఉండదు. కారినప్పుడు మనకు తెలియాలనే ఇథైల్ మెర్‌కాప్టన్ అనే కుళ్లు కంపు పదార్థాన్ని కంపెనీలు కావాలని కలుపుతాయి. అంటే ఎవరో పనిగట్టుకుని సిలిండర్‌కు నోరు పెట్టారు. బావ దుకాణంలో నోరున్నది దానికొక్కదానికే.

కథ ఇక్కడ ఆపేస్తే బావ తప్పు, బామ్మర్ది ఒప్పు అని చప్పట్లు కొట్టి లేవొచ్చు. కానీ ఇంకొంత ఉంది.

కాలిన దుకాణం చూడటానికి బామ్మర్ది వచ్చాడు. బూడిదలో పైపు ముక్క ఒకటి కనబడింది. క్లిప్పు బిగించిన చోట అడ్డంగా పగిలి ఉంది. ఆయన అది చేతిలోకి తీసుకుని కదలకుండా నిలబడిపోయాడు. తల్లి చూసింది.

‘ఏందిరా?’

రెండు నెలల కింద, కార్తీకంలో, ఆయన పలక మీద ఒక గీత పడింది. పక్కన ‘వాసన, కింద’ అని రాసి ఉంది. సబ్బు నురగ పూసి చూస్తే పైపు క్లిప్పు దగ్గర బీటలు. పాత పైపు పారేసి, కంపెనీ అమ్మే నారింజ రంగు పైపు, తేదీ అచ్చేసినది, వేయించాడు. చెప్పిన కుర్రాడికి చాయ్‌తో పాటు సమోసా కూడా ఇప్పించాడు. ఆ పైపు, బావ దుకాణంలో పైపు, ఒకే చుట్టలో రెండు ముక్కలు.

‘బావకు చెప్పలేదా?’

‘చెప్తే మళ్లా నవ్వుతడని...’

ఆమె కొడుకును ఎన్నడూ అంత మాట అనలేదు. ‘నీ దుకాణంల పలక పెట్టినవ్. బావకు ఒక్క ఫోన్ పెట్టలేకపోయినవ్. ఆ పోరని చెయ్యి నువ్వు గూడ కాల్చినట్టే.’

రెండు నెలలకు దుకాణం మళ్లీ తెరుచుకుంది. బామ్మర్దే కొంత సర్దాడు. బావ స్వభావం ఏమీ మారలేదు, నోరు పెద్దదే, ఇప్పటికీ అరుస్తాడు. బోర్డు మాత్రం మళ్లీ రాయించలేదు. సగం కాలిన గోడ మీద మేకు అలాగే ఉంది. రోజూ రాత్రి పదిన్నరకు, గిన్నెలు కడిగే చప్పుడులో, ఇద్దరిలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ‘నీ దగ్గర ఇయ్యాల ఏం పోయింది?’ అన్నదే మొదటి మాట.

నీతి

దీని నీతి ‘తప్పులు క్షమించు’ అని అనుకునేవాళ్లు ఉంటారు. నాకు అలా అనిపించదు. బామ్మర్ది ఒక కుర్రాడిని పనిలోంచి తీసేశాడు కూడా. రెండుసార్లు చెప్పినా సిలిండర్ పక్కనే బీడీ వెలిగించినవాడు వాడు. పొరపాటు వేరు, పొగరు వేరు. నీతి వేరే చోట ఉంది. వ్యాపారంలో నష్టం వచ్చిన రోజున పాఠం యజమాని దగ్గర ఉండదు, గరిటె పట్టుకున్నవాడి దగ్గర ఉంటుంది. వాడి నోరు మూసే ధర ఎంతో, ఆ పాఠానికి మనం కట్టే ధర అంత. బావ దానికి రెండొందలు పెట్టాడు.

హఫీజ్‌పేట్ తర్వాత స్టేషనే హైటెక్ సిటీ. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన చోటు. ఆ పక్కనే మాదాపూర్‌లో సత్యం కంప్యూటర్స్ క్యాంపస్ ఉండేది. 1987లో పుట్టిన ఆ కంపెనీకి 2009 నాటికి యాభై మూడు వేల మంది ఉద్యోగులు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు రాసిన లేఖ చదివినవాళ్లకు ఒక సంగతి గుర్తుండిపోతుంది. లాభాల్లో అసలు అంకెకు, పుస్తకాల్లో రాసిన అంకెకు మధ్య తేడా మొదట చిన్నదేనట. ఏటేటా పెరిగింది. చివరి త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు, ఉన్నది 61 కోట్లు. బ్యాంకుల్లో 5,361 కోట్లు ఉన్నట్టు చూపితే అందులో 5,040 కోట్లు లేనే లేవు. పులి మీద ఎక్కాను, దాని నోట పడకుండా దిగడం ఎలాగో తెలియలేదు అన్న అర్థం వచ్చే పోలిక ఆ లేఖలోనే ఉంది.

ఎక్కేటప్పుడు అది పులి కాదు, పిల్లి. ఒక త్రైమాసికం బాగా లేదు, ఇంత తగ్గింది అని ఆ రోజే చెప్పి ఉంటే షేరు పడేది, నాలుగు పత్రికలు తిట్టేవి, అంతే. మాడిన దొండకాయను క్యాబేజీ తొక్కల కింద దూర్చినట్టే అదీ మొదలైంది. కుర్రాళ్లు సొంత డబ్బు పెట్టి కొత్త దొండకాయలు తెచ్చారు, ఇక్కడ తెచ్చింది లేని డబ్బు. ఇంకో విచిత్రం, 2008లో అదే కంపెనీకి కార్పొరేట్ పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. తర్వాత వెనక్కి తీసుకున్నారు. ‘నా దగ్గర ఒక్క తప్పూ లేదు’ అని బావ అరుగు మీద అన్న మాటకూ దానికీ పెద్ద తేడా నాకు కనిపించదు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందికి శిక్షలు వేసింది, పై కోర్టుకు అప్పీళ్లు వెళ్లాయి. కంపెనీని 2009లోనే టెక్ మహీంద్రా కొన్నది. 2009 జనవరిలో మాదాపూర్ టీ బండ్ల దగ్గర నిలబడ్డ వేలమంది ఉద్యోగులకు ఆ అంకెలతో ఏ సంబంధమూ లేదు. కాలిన చెయ్యి మాత్రం వాళ్లది.

దీనికి ఎదురుగా మన ఊరిదే ఇంకో ఉదాహరణ పెట్టాలి. వరప్రసాద్ రెడ్డి నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను దేశంలోనే తయారుచేసి పేరు తెచ్చుకుంది. 2009లో సనోఫీ దాన్ని కొన్నది. ఆ మరుసటి ఏడాదే దాని అయిదు రోగాల టీకా, షాన్-5, సీసాల్లో తెల్లటి మడ్డి అంటుకుంటోందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను తన ఆమోదిత జాబితా నుంచి తీసేసింది. ఆర్డర్లు పోయాయి. తయారీ సరిచేసుకుని మళ్లీ ఆ జాబితాలోకి రావడానికి 2014 దాకా పట్టింది. నాలుగేళ్లంటే వ్యాపారంలో చిన్న కాలం కాదు. అయినా ఆ మడ్డి సీసాలో, వెలుతురులో, అందరి కళ్ల ముందు ఉంది. కనిపించే మడ్డిని కడగొచ్చు.

ఐటీ ఆఫీసులవాళ్లు ఇది చదివి ‘మా దగ్గర ఆర్‌సీఏ, అంటే రూట్ కాజ్ అనాలిసిస్, ఉంది కదా’ అంటారు. ఉంది. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే తెల్లారేసరికి రూట్ కాజ్ రాసి క్లయింట్‌కు పంపాలి. టయోటా ఫ్యాక్టరీల నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది, ‘ఎందుకు’ అని అయిదుసార్లు అడగాలి. సాంబారు పులిసింది, ఎందుకు? మధ్యలో చల్లారలేదు. ఎందుకు? గిన్నె లోతు. ఎందుకు లోతు గిన్నె? వెడల్పు టబ్బులు లేవు. ఇలా పోతే టబ్బులు కొంటాం. కానీ నేను చూసిన ఆర్‌సీఏల్లో చాలావాటిలో మొదటి ‘ఎందుకు’కే ఒక మనిషి దొరుకుతాడు. కారణం గడిలో ‘హ్యూమన్ ఎర్రర్’, చర్య గడిలో ‘ట్రైనింగ్ ఇచ్చాం’. అది అచ్చంగా బావ బోర్డే, పవర్‌పాయింట్‌లో. ఆ మీటింగ్‌లో అసలు సంగతి తెలిసిన జూనియర్ మ్యూట్‌లో ఉంటాడు. అప్రైజల్ వచ్చే నెలలో ఉంటుంది.

బామ్మర్ది తప్పుకు మాత్రం నేను విన్న ఉదాహరణ విమానాలది. 1974 డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయానికి దిగుతూ వర్జీనియాలో ఒక కొండను ఢీకొంది. 92 మందీ పోయారు. కిందికి దిగేందుకు వచ్చిన అనుమతిని సిబ్బంది ఒకలా అర్థం చేసుకున్నారు, కంట్రోలర్ ఉద్దేశం ఇంకొకలా ఉంది. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, ఆరు వారాల ముందు యునైటెడ్ విమానం ఒకటి అక్కడే అదే గందరగోళంలో పడి, వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ కంపెనీకి చెప్పారు. కంపెనీ తన పైలట్లందరినీ హెచ్చరించింది. వాళ్ల పలక మీద గీత పడింది. టీడబ్ల్యూఏకు మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. పైపు ఒకే చుట్ట, రెండు ముక్కలు.

ఆ తర్వాత 1976లో అమెరికాలో విమాన భద్రతా సమాచార వ్యవస్థ ఒకటి పెట్టారు. దాని నిర్వహణ శిక్షలు వేసే విమానయాన శాఖకు ఇవ్వలేదు, నాసాకు ఇచ్చారు. ఏ పైలట్ అయినా, కంట్రోలర్ అయినా తన పొరపాటు తానే రాసి పంపవచ్చు. పేరు తీసేసి, విషయం మాత్రం అన్ని కంపెనీలకూ అందేలా చేస్తారు. అనుకోకుండా జరిగిన ఉల్లంఘన అయితే, సమయానికి చెప్పినవాడికి శిక్ష నుంచి కొంత రక్షణ ఉంటుంది. కావాలని చేసిన దానికీ, నేరానికీ ఆ రక్షణ లేదు. బీడీవాడిని బామ్మర్ది తీసేసినట్టే. మన బావబామ్మర్దుల పదిన్నర ఫోన్‌కు అంతకంటే పెద్ద రూపం నాకు తెలియదు.

మన వ్యాపారాల్లో అలాంటి ఫోన్లు అరుదు. పక్క దుకాణం మునిగితే మన బేరం పెరుగుతుందనే లెక్క మనకు చిన్నప్పటి నుంచి వచ్చు. మియాపూర్ నుంచి కొండాపూర్ దాకా వరుసగా ఎన్ని హోటళ్లు, ఎన్ని పీజీ హాస్టళ్లు, ఎన్ని చిన్న కంపెనీలు! ఒకరికి తగిలిన దెబ్బ ఇంకొకరికి అదే రోడ్డు మీద, అదే పొయ్యి మేస్త్రీ వల్ల, అదే సాఫ్ట్‌వేర్ వల్ల మళ్లీ తగులుతుంది. నలుగురు ఓనర్లు కలిసినప్పుడు టర్నోవర్ చెప్పుకుంటారు. పోయినవాటి లెక్క చెప్పుకోవడానికి ఎవరికైనా నామోషీయే.

మొన్న రాత్రి వాన పడుతుంటే మా వీధి కర్రీ పాయింట్‌లో పప్పు, పులుసు కట్టించుకుని బయల్దేరాను. యాభై అడుగులు కూడా వేయలేదు, వెనక నుంచి కుర్రాడు తలకు కవరు చుట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ‘సార్, మీకు ఇచ్చింది పులుసు కాదు, సాంబార్. రెండూ ఒకలెక్కనే ఉన్నయ్, నేనే కలిపేసిన’ అన్నాడు. ఇద్దరం వెనక్కి వచ్చాం. కౌంటర్ వెనక ఓనర్ అంతా విన్నాడు. నేను కావాలనే కాస్త నెమ్మదిగా గొడుగు మూస్తూ నిలబడ్డాను, ఏమంటాడో చూద్దామని. ఆయన నాకు పులుసు కవరు అందించి, డ్రాయర్ లాగి, లోపల వెతికి, ఎర్ర రబ్బరు బ్యాండ్ల పొట్లం ఒకటి తీసి ఆ కుర్రాడి ముందుకు తోశాడు. ‘రేపటి సంది పులుసుకు ఇవి’ అన్నాడు.